సీటీ అంటే ఏ సీటీ? అర్థం తేల్చుకున్నాకే ఎంపిక

ఆపరేషన్‌కు ముందు చీటీ మీద "బీటీ, సీటీ" అని రాశారంటే అది స్కానింగ్‌కు పంపే చీటీ కాదు, గాయం నుంచి రక్తం ఎంతసేపటికి ఆగుతుందో (బీటీ), ఎంతసేపటికి గడ్డకడుతుందో (సీటీ) చూసే ల్యాబ్ పరీక్షలకు పంపే చీటీ. అదే ఆసుపత్రి కరెంటు ప్యానెల్ మీద "సీటీ 200/5" అని ఉంటే అది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. పీసీఆర్ (డీఎన్ఏను పదేపదే రెట్టింపు చేసి వెతికే పరీక్ష) రిపోర్టులో "సీటీ 28" అంటే సైకిల్ థ్రెషోల్డ్. నీటి శుద్ధి విభాగంలో "సీటీ 24" అంటే క్లోరిన్ గాఢతను సమయంతో గుణించగా వచ్చిన విలువ. ఒకే భవనంలో ఒకే రెండక్షరాలు ఇన్ని పనులు చేస్తాయి. పొరపాటు పడితే డబ్బు, సమయం పోవడమే కాదు, కొన్నిచోట్ల ప్రాణానికే ముప్పు. అందుకే ముందు అది ఏ సీటీయో గుర్తుపట్టడం, ఆ తర్వాత ఆ రంగంలో ఉన్న రకాల్లో ఏది ఎంచుకోవాలో చూడడం, ఈ వరసలో వెళ్దాం.

గుర్తుపట్టడానికి పక్కనున్న అంకెను, యూనిట్‌ను చూస్తే చాలు. గీత పెట్టి రెండు అంకెలుంటే (100/5, 400/1) కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. నిమిషాలు, సెకన్లు ఉంటే రక్తం గడ్డకట్టే సమయం. ల్యాబ్ రిపోర్టులో యూనిట్ ఏమీ లేకుండా 15 నుంచి 40 మధ్య అంకె ఉంటే పీసీఆర్. లీటరుకు మిల్లీగ్రాము-నిమిషాలు అని ఉంటే నీటి శుద్ధి. తల, ఛాతీ, పొట్ట అని శరీర భాగం పేరు ఉంటే స్కాన్. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో "సీటీ రేషియో" అని కనబడితే అది స్కాన్‌కు సంబంధించింది కాదు. గుండె వెడల్పును ఛాతీ లోపలి వెడల్పుతో భాగిస్తే వచ్చేది. పెద్దవాళ్లలో 0.5 వరకు మామూలే. పడుకోబెట్టి ముందువైపు నుంచి తీసిన ఎక్స్‌రేలో గుండె అసలు కంటే పెద్దగా పడుతుంది కాబట్టి ఆ ఫిల్ము మీద ఈ లెక్క నమ్మకూడదు. లైంగిక వ్యాధుల పరీక్షలో "సీటీ/ఎన్‌జీ" అని ఉంటే సీటీ అంటే క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా.

స్కాన్ అయితే: సీటీయా, ఎంఆర్ఐయా, అల్ట్రాసౌండా?

కంప్యూటెడ్ టోమోగ్రఫీతో తొలిసారి రోగి మెదడును చూసింది 1971లో, లండన్‌లో. దాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు, గణిత పునాది వేసిన కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది. యంత్రం చేసేది ఎక్స్‌రే కిరణాలను చుట్టూ తిప్పి, కణజాలం ఎంత పీల్చుకుందో లెక్కగట్టడం. ఆ లెక్కకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీరు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దరిదాపు, గట్టి ఎముక వెయ్యి దాకా. మెదడు 30-40 దగ్గర ఉంటే, అప్పుడే కారిన రక్తం 50-70 దగ్గర ఉంటుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు ఇంజెక్షన్ మందు ఏదీ లేకుండా ముందు సీటీయే ఎందుకు తీస్తారో ఈ తేడాలోనే ఉంది. రక్తం తెల్లగా తేలిపోతుంది, పని నిమిషాల్లో అయిపోతుంది.

పక్షవాతం లక్షణాలతో వచ్చిన మనిషికీ ముందు సీటీయే. అయితే అక్కడ సీటీ చెప్పేది "రక్తస్రావం లేదు" అని, "పక్షవాతం లేదు" అని కాదు. రక్తనాళం మూసుకుపోయిన మొదటి గంటల్లో సాదా సీటీ మామూలుగా కనిపించవచ్చు. అదే సమయంలో ఎంఆర్ఐలో డిఫ్యూజన్ చిత్రం ఆ మచ్చను చూపిస్తుంది. సీటీ నార్మల్ అన్నారని లక్షణాలున్న మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోవడం చాలా పెద్ద తప్పు.

ఎముక విరుగుళ్లు, ఊపిరితిత్తులు, మూత్రపిండాల్లో రాళ్లు, పొట్టలో అత్యవసరం, ఒంట్లోపల రక్తస్రావం, ఇవి సీటీ రాజ్యం. వెన్నుపాము, డిస్కు, మోకాలి స్నాయువులు, మెదడులో సూక్ష్మమైన మచ్చలు ఎంఆర్ఐకి వదలాలి. పిత్తాశయంలో రాళ్లు, గర్భిణుల పొట్ట, పిల్లల్లో తొలి పరీక్ష అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టాలి. పిత్తాశయపు రాళ్లలో కొన్ని సీటీలో అసలు కనిపించవు, వాటి సాంద్రత పక్కనున్న పైత్యరసానికి దగ్గరగా ఉంటుంది మరి.

రేడియేషన్ సంగతి అంకెల్లో చూస్తే భయమూ తగ్గుతుంది, నిర్లక్ష్యమూ తగ్గుతుంది. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, పొట్ట-కటి భాగానికి 8 నుంచి 10 వరకు. ఛాతీ ఎక్స్‌రే 0.1 లేదా ఇంకా తక్కువ. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి పడేది ప్రపంచ సగటున 2.4. అవసరమైన ఒక్క సీటీకి జంకనక్కర్లేదు. జంకాల్సింది పాత స్కాన్ సీడీ ఇంట్లో పెట్టుకుని, అదే స్కాన్ మళ్లీ తీయించుకోవడానికి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా చిత్రాలున్న సీడీ కూడా వెంట తీసుకెళ్లండి. వైద్యుడికి పోల్చి చూడ్డానికి కావలసింది చిత్రాలే.

సీటీ అని ఖాయమైనా పని పూర్తికాలేదు, ఏ సీటీ అన్నది మిగిలే ఉంది. రాయి కోసమైతే కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో తెల్లగా కనిపించేలా ఒంట్లోకి ఎక్కించేది) లేకుండా తీయాలి. మందు మూత్రంలోకి దిగాక అదీ తెల్లగానే ఉంటుంది, రాయి అందులో కలిసిపోతుంది. గడ్డలు, చీము, రక్తనాళాల కోసమైతే మందు కావాలి. ఊపిరితిత్తుల సీటీ దగ్గర చాలామంది తడబడతారు. హెచ్‌ఆర్‌సీటీ అంటే 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల పలుచని ముక్కలుగా, సాధారణంగా మందు లేకుండా తీసేది. ఊపిరితిత్తి గుజ్జు మచ్చలకు అది బాగా పనికొస్తుంది. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ ఉందేమోనన్న అనుమానం ఉంటే దాంతో పని జరగదు. దానికి మందు సరిగ్గా ఆ నాళంలో ఉన్న క్షణంలో తీసే పల్మనరీ యాంజియోగ్రామ్ కావాలి. "హై రిజల్యూషన్" అన్న పేరు చూసి అదే అన్నిటికంటే గొప్పదనుకుని ఎంచుకోకండి.

కాంట్రాస్ట్‌కు ముందు మూడు విషయాలు మీరే నోరు తెరిచి చెప్పాలి: ఇంతకుముందు కాంట్రాస్ట్ పడక దద్దుర్లు గానీ ఊపిరాడకపోవడం గానీ వచ్చిందా, మూత్రపిండాల పనితీరు ఎలా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా. మూత్రపిండాల వడపోత రేటు (ఈజీఎఫ్ఆర్) 30 కంటే తగ్గినవాళ్లలో మెట్‌ఫార్మిన్‌ను స్కాన్ రోజు ఆపి, 48 గంటల తర్వాత మూత్రపిండాలు చూసుకుని మొదలుపెట్టమంటారు. గర్భం ఉందన్న అనుమానం ఉంటే అది అన్నిటికంటే ముందు చెప్పాలి.

రక్తం గడ్డకట్టే సీటీ: ఇది చాలదు

గాజు గొట్టంలో రక్తం ఎన్ని నిమిషాలకు గడ్డకడుతుందో చూసే ఈ పరీక్ష చాలా పాతది. కేశనాళిక గొట్టంలో చేస్తే ఒక ఫలితం, పరీక్షనాళికలో చేస్తే మరో ఫలితం. గది వేడి, నాళిక శుభ్రత, ఎన్నిసార్లు వంచి చూశారు, అన్నిటికీ మారిపోతుంది. దీని అసలు లోపం ఇంకొకటి ఉంది. తేలికపాటి హీమోఫీలియా ఉన్నవాళ్లలో కూడా ఇది మామూలుగా రావచ్చు. కాబట్టి "బీటీ, సీటీ నార్మల్" అన్న మాట ఆపరేషన్‌కు భరోసా కాదు.

దీని బదులు ఎంచుకోవాల్సినవి పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయాన్ని ల్యాబులో కచ్చితంగా కొలిచే రెండు పరీక్షలు), ప్లేట్‌లెట్ సంఖ్య. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్లలో, వార్ఫరిన్ వాడేవాళ్లకు పీటీ నుంచి లెక్కగట్టే ఐఎన్ఆర్, హెపారిన్ మీద ఉన్నవాళ్లకు ఏపీటీటీ. వీటన్నిటికంటే ముందు ఒక ప్రశ్న: పన్ను పీకించుకున్నప్పుడో కాన్పులోనో రక్తం ఆగకుండా పోయిందా, ఇంట్లో ఎవరికైనా అలా ఉందా? ఆ జవాబు పాత సీటీ పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. పీటీ, ఏపీటీటీలకు రక్తాన్ని నీలం మూత గొట్టంలో, 3.2 శాతం సోడియం సిట్రేట్ మీద, 9 వంతులకు 1 వంతు చొప్పున గీత దాకా నింపాలి. గొట్టం సగమే నిండితే సిట్రేట్ ఎక్కువై సమయం అబద్ధంగా పొడుగొస్తుంది. అనుకోని పొడుగు ఫలితం వస్తే మందులు మొదలుపెట్టే ముందు గొట్టం ఎంత నిండిందో అడగండి.

పీసీఆర్ సీటీ: తక్కువ అంకె, ఎక్కువ పదార్థం

ఒక్కో సైకిల్‌కు డీఎన్ఏ సుమారు రెట్టింపవుతుంది. డీఎన్ఏతో పాటు పెరిగే ఫ్లోరసెన్స్ కాంతి ఒక గీతను దాటిన సైకిల్ సంఖ్యే సీటీ. కాబట్టి అంకె చిన్నదైతే నమూనాలో పదార్థం ఎక్కువ. 3.3 సైకిళ్ల తేడా అంటే దాదాపు 10 రెట్లు. 20కీ 30కీ తేడా 10 కాదు, 1024 రెట్లు. అదీ సామర్థ్యం 100 శాతం ఉంటేనే. 90 శాతం ఉంటే అదే 10 సైకిళ్లకు 613 రెట్లే. ప్రైమర్ల (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కల) సామర్థ్యం కొలవకుండా రెట్లు ప్రకటించడం ఎంత ప్రమాదమో ఈ రెండంకెలే చెబుతాయి. 2009లో వచ్చిన మిక్వే (పీసీఆర్ ప్రయోగాల వివరాలు ఎలా రాయాలో చెప్పే) మార్గదర్శకాలు సీటీ బదులు సీక్యూ అనమన్నాయి గానీ యంత్రాల మీదా నోళ్లలోనూ సీటీయే నిలిచింది.

రెండు ల్యాబుల సీటీలను పక్కపక్కన పెట్టి "తగ్గింది, పెరిగింది" అనకూడదు. కిట్టు, గీత పెట్టిన చోటు, నమూనా తీసిన తీరు, తీసుకున్న పరిమాణం అన్నీ వేరు.

పరిశోధనలో ఎంపిక మూడింటి మధ్య ఉంటుంది. మందు పెట్టిన కణాల్లో జన్యువు ఎన్ని రెట్లు పెరిగిందో చాలనుకుంటే డెల్టా-డెల్టా-సీటీ. మందు పెట్టకముందు లక్ష్య జన్యువు సీటీ 24, పోలికకు పెట్టుకున్న రిఫరెన్స్ జన్యువుది 18 అయితే తేడా 6. మందు పెట్టాక 22, 18 అయితే తేడా 4. రెండిటి తేడా 2, అంటే 4 రెట్లు పెరిగింది. దీనికి రెండు షరతులు: రెండు ప్రైమర్ జతల సామర్థ్యం దగ్గరదగ్గరగా ఉండాలి, రిఫరెన్స్ జన్యువు మందుకు చలించకూడదు. ఈ రెండో షరతును చాలామంది సరిచూడరు, ఫలితాలు తప్పేది అక్కడే. ఎన్ని కాపీలున్నాయో కావాలంటే స్టాండర్డ్ కర్వ్ (కాపీల సంఖ్య తెలిసిన నమూనాలతో గీసే గీత): 10 రెట్ల చొప్పున కనీసం 5 పలుచన స్థాయులు, వాలు మైనస్ 3.1, మైనస్ 3.6 మధ్య. కాపీలు చాలా తక్కువైనా, చిన్న తేడా పట్టాలన్నా డిజిటల్ పీసీఆర్ (నమూనాను వేల చిన్న భాగాలుగా చేసి లెక్కపెట్టేది). అందులో సీటీ అనేదే ఉండదు. ఒకే నమూనా వేసిన మూడు బావుల (పీసీఆర్ ప్లేటులోని చిన్న గుంటల) మధ్య 0.5 కంటే ఎక్కువ తేడా వస్తే ముందు పిపెట్‌ను అనుమానించండి. నమూనా వేయని బావిలోనూ సీటీ వచ్చిందంటే కాలుష్యమో, ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కోవడమో జరిగింది. మెల్ట్ కర్వ్ (వేడి చేస్తుంటే డీఎన్ఏ విడిపోయే తీరు చూపే గీత) చూస్తే రెండిటిలో ఏదన్నది తేలుతుంది.

కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్: అయిదు నిర్ణయాలు, ఒక నిషేధం

నిషేధం ముందు. లైనులోని పెద్ద కరెంటును మీటరుకు సరిపడా చిన్న కరెంటుగా మార్చేదే ఈ సీటీ. ప్రైమరీలో (లైను వైపు) కరెంటు పారుతుండగా సీటీ సెకండరీని (మీటరుకు వెళ్లే చుట్టను) ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కు సెకండరీ తెరిస్తే ఏమీ కాదు. సీటీలో ప్రైమరీ కరెంటును లైను మీది లోడు నిర్ణయిస్తుంది, అది ఆగదు. సెకండరీలో ఎదురు నిలిచే కరెంటు లేకపోతే ప్రైమరీ కరెంటు మొత్తం కోర్‌ను అయస్కాంతం చేయడానికే పోతుంది. కోర్ నిండిపోయి, ప్రతి అర సైకిల్‌లో దిశ మారే క్షణాన తెరిచిన కొసల మధ్య వందల నుంచి వేల వోల్టుల ఎత్తు లేస్తుంది. మనిషికి షాక్, ఇన్సులేషన్‌కు దెబ్బ, కోర్ వేడి, బుయ్‌మనే మోత, ఇవన్నీ అక్కడి నుంచే. ఈ కారణం వల్లే సీటీ సెకండరీలో ఫ్యూజు పెట్టరు.

మీటరు మార్చాల్సి వస్తే టెస్ట్ టెర్మినల్ బ్లాక్ దగ్గర ముందు షార్టింగ్ లింకు బిగించాలి. మీటరులో ఆ ఫేజ్ ఆంపియర్లు సున్నాకు వచ్చాయో, లింకు గుండా కరెంటు పోతోందో క్లాంప్ మీటరుతో చూడాలి. అప్పుడే మీటరు వైర్లు విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు మీటరు వైర్లు బిగించి, తర్వాత లింకు తీయాలి. ఒకసారి తెరుచుకుపోయిన సీటీలో అయస్కాంతత్వం మిగిలి కొలత తప్పవచ్చు, నిష్పత్తి సరిచూసి గానీ మళ్లీ వాడకూడదు.

ఇక నిర్ణయాలు. మొదటిది నిష్పత్తి. మామూలు లోడు ప్రైమరీ అంకెలో 60-80 శాతం దగ్గర పడేలా చూడండి. "పెద్దదైతే భవిష్యత్తుకు పనికొస్తుంది" అని 30 ఆంపియర్ల లోడుకు 400/5 పెడితే సీటీ 7.5 శాతం మీద నడుస్తుంది. 0.5 తరగతి (కచ్చితత్వపు శ్రేణి) సీటీకి 100 శాతం దగ్గర 0.5 శాతం తప్పే అనుమతి, 20 శాతం దగ్గర 0.75, 5 శాతం దగ్గర 1.5. లోడు బాగా ఎగుడుదిగుడుగా ఉండే చోట 0.5ఎస్ తీసుకోండి. అది 20 శాతం నుంచే 0.5లో ఉంటుంది, 5 శాతం దగ్గర 0.75. చిన్న లోడుకు చేతిలో 100/5 రింగే ఉంటే కేబుల్‌ను రంధ్రం గుండా రెండుసార్లు పోనిస్తే అది 50/5 అవుతుంది. లెక్కపెట్టాల్సింది రంధ్రం లోపలి నుంచి వెళ్లిన సార్లు, బయట కనిపించే చుట్లు కాదు.

రెండోది, సెకండరీ 5 ఆంపియర్లా, 1 ఆంపియరా? దూరం తేలుస్తుంది. సీటీ నుంచి మీటరుకు 30 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకోండి. పోను రాను 60 మీటర్లు, కిలోమీటరుకు 7.41 ఓమ్‌ల చొప్పున 0.445 ఓమ్. 5 ఆంపియర్ల వర్గం 25, అంటే వైరే 11.1 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) తినేస్తుంది. 1 ఆంపియర్ అయితే అదే వైరుకు 0.445 వీఏ. మీటరు ప్యానెల్ లోపలే, రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటే 5 ఆంపియర్లతో ఇబ్బంది లేదు. కంట్రోల్ రూం దూరంగా ఉంటే 1 ఆంపియర్. మీటరు, రిలే (లోపం వస్తే సరఫరా ఆపించే పరికరం) ఇన్‌పుట్ దానికి సరిపోవాలి.

మూడోది తరగతి. మీటరు సీటీ, రక్షణ సీటీ స్వభావంలోనే ఎదురెదురు. ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చినప్పుడు మీటరు సీటీ తొందరగా నిండిపోయి మీటరును కాపాడాలి. రక్షణ సీటీ అప్పుడే నిండకుండా రిలేకు నిజం చెప్పాలి. 5పీ20 అంటే రేటింగ్‌కు 20 రెట్ల కరెంటు దాకా మొత్తం తప్పు 5 శాతం దాటదని. మీటరు కోర్‌కు రిలే తగిలిస్తే ఫాల్ట్ వేళ రిలేకు కరెంటు తక్కువగా కనిపించి ట్రిప్ ఆలస్యమవుతుంది, లేదా ట్రిప్పే కాదు. రక్షణ కోర్‌తో బిల్లింగ్ చేస్తే 5పీకి రేటింగ్ దగ్గర 1 శాతం తప్పు అనుమతి ఉంది, తక్కువ లోడు దగ్గర హామీయే లేదు. రెండూ కావాలంటే రెండు కోర్లున్న సీటీ తీసుకోండి.

నాలుగోది బర్డెన్, అంటే సెకండరీ మీద వైరు, మీటరు మోపే భారం. పై లెక్కలో వైరు 11.1, ఎలక్ట్రానిక్ మీటరు 1 లోపు, కాబట్టి 15 వీఏ. అదే 1 ఆంపియర్ అయితే 2.5 వీఏ చాలు. ఇక్కడా "ఎక్కువైతే మంచిదే" అనుకోకండి. మీటరు తరగతి హామీ సాధారణంగా రేటెడ్ బర్డెన్‌లో 25 నుంచి 100 శాతం మధ్యే. 15 వీఏ సీటీకి 1 వీఏ తగిలిస్తే ఆ హద్దు బయట పడతారు. పైగా ఫాల్ట్‌లో అది ఆలస్యంగా నిండి మీటరుకు ఎక్కువ కరెంటు పంపుతుంది.

అయిదోది ఆకారం. కొత్త ప్యానెల్‌కు, బిల్లింగ్‌కు మూసిన రింగు. కేబుల్ విప్పలేని పాత చోట, శక్తి వాడకం గమనించడానికి తెరుచుకునే రకం. దాని రెండు ముఖాల మధ్య దుమ్ము చేరితే, కొక్కెం పూర్తిగా పడకపోతే తప్పు పెరుగుతుంది, కాబట్టి బిగించే ముందు ముఖాలు పొడిగుడ్డతో తుడవాలి. ఈ రకంలో కొన్ని ఆంపియర్లు కాకుండా 333 మిల్లీవోల్టులు ఇస్తాయి. అవి 5 ఆంపియర్ల మీటరుకు పనికిరావు. కొనేముందు లేబుల్ చదవండి.

బిగింపులో ఎక్కువగా జరిగే తప్పు దిశది. సీటీ మీద ప్రైమరీ వైపుల గుర్తులు పీ1, పీ2, సెకండరీ కొసలవి ఎస్1, ఎస్2. పీ1 సరఫరా వైపు, పీ2 లోడు వైపు. మూడు ఫేజుల్లో ఒక్క సీటీ ఎస్1, ఎస్2 తారుమారైతే, లోడు సమానంగా ఉన్నప్పుడు మీటరు అసలు వాడకంలో మూడోవంతే చూపిస్తుంది. ఆంపియర్లు మూడు ఫేజుల్లోనూ సరిగ్గానే కనబడతాయి, అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. ఫేజు వారీగా వాట్లు, పవర్ ఫ్యాక్టర్ గుర్తు చూడండి. ఒకదానికి మైనస్ ఉంటే దొరికినట్టే. సెకండరీని ఒకే చోట ఎర్త్ చేయాలి. రెండు చోట్ల చేస్తే మధ్యలో దారి ఏర్పడి కొలత చెడుతుంది.

నీటి సీటీ: అంకె కాగితం మీద కాదు, ట్యాంకులో రావాలి

మిగులు క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, 30 నిమిషాలు, అంటే సీటీ 15. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస ప్రమాణం ఇదే, పీహెచ్ 8 లోపు ఉంటే. లెక్కకు తీసుకోవాల్సింది మనం కలిపిన క్లోరిన్ కాదు, ట్యాంకు చివర మిగిలిన క్లోరిన్.

సమయం దగ్గరే మోసపోతారు. 6000 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 100 లీటర్ల ప్రవాహం, 60 నిమిషాలు అని రాసుకుంటారు. అడ్డుగోడలు లేని ట్యాంకులో నీరు లోపలికొచ్చిన చోటు నుంచి తిన్నగా బయటికి దారి తీసుకుంటుంది. అలాంటి ట్యాంకుకు అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే గుణకం 0.1 మాత్రమే, అంటే 6 నిమిషాలు. 0.8 మిగులుతో సీటీ 4.8. అదే ట్యాంకులో అడ్డుగోడలు కట్టి నీటిని వంకరగా తిప్పితే గుణకం 0.5, సమయం 30 నిమిషాలు, సీటీ 24. క్లోరిన్ ఒక్క చుక్క పెంచకుండా అయిదు రెట్లు. కాబట్టి సీటీ చాలకపోతే డోసు పెంచే ముందు గోడల సంగతి చూడండి.

ఏ మందు ఎంచుకోవాలన్నది ఏ క్రిమి మీదన్నదాన్ని బట్టి ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర వైరస్‌లను 99.99 శాతం తగ్గించడానికి అదే సంస్థ పట్టికల్లో స్వేచ్ఛా క్లోరిన్‌కు సీటీ 6, ఓజోన్‌కు 1, క్లోరిన్ డయాక్సైడ్‌కు 25.1, క్లోరమిన్‌కు 1491. అందుకే క్లోరమిన్‌ను ముందు క్రిమిసంహారానికి కాక, పొడవైన పైపుల్లో మిగులు నిలపడానికి వాడతారు. ఓజోన్ బలమైనదే గానీ మిగలదు, దాని తర్వాత క్లోరిన్ ఎలాగూ కావాలి. విరేచనాలు తెచ్చే పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియంకు క్లోరిన్ దాదాపు లొంగదు. ఈత కొలనులో దాన్ని 99.9 శాతం తగ్గించడానికి సీటీ 15,300 కావాలి, అంటే 20 మిల్లీగ్రాములతో 12 గంటల 45 నిమిషాలు. తాగునీటిలో దానికి వడపోత, అతినీలలోహిత కిరణాలే దారి. అతినీలలోహితానికి సీటీ లెక్క వర్తించదు, చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌళ్లలో కొలుస్తారు.

చలిలో సీటీ అవసరం పెరుగుతుంది: పై 6 కాస్తా 5 డిగ్రీలకు 8, 20 డిగ్రీలకు 3. పీహెచ్ 7.5 దాటాక క్లోరిన్‌లో బలమైన రూపం సగం కంటే తగ్గిపోతుంది. కాబట్టి రోజులో అన్నిటికంటే కష్టమైన గంటను పట్టుకోండి: ప్రవాహం గరిష్ఠంగా, ట్యాంకు మట్టం కనిష్ఠంగా, నీరు చల్లగా ఉన్న గంట. మిగులు క్లోరిన్, పీహెచ్, ఉష్ణోగ్రత ట్యాంకు బయటికొచ్చే చోట, మొదటి వినియోగదారుడికి ముందు కొలవండి. ఆ గంటలో సీటీ సరిపోతే మిగతా రోజంతా సరిపోతుంది.